రెండు నిమిషాల పదకొండో సెకను

మడపాం టోల్‌గేటు, నాలుగో వరస.
రాత్రి పది నుంచి ఆరు దాకా నా డ్యూటీ.
కుడిచెవి లారీలకి ఇచ్చేసేను.
ఎడమచెవి నాది.

ఆ చెవిలో ఎవరుంటారో చెప్తే
సూపర్‌వైజరు నవ్వుతాడు.
"ఆళ్ళెవరే? ఏ సినిమాలో పాడేరు?"
ఏ సినిమాలోనూ పాడలేదు బాబూ.
రాజాంలో ఒకడు, పాలకొండలో ఒకర్తి,
భావనపాడు ఇసకలో నలుగురు కుర్రాళ్ళు,
ఐసుపెట్టె మీద దరువేసుకుంటూ.

ఆ నలుగురూ పెట్టుకున్న పేరు ఉప్పుగాలి.
నిజం చెప్పాలంటే వాళ్ళది ఒక్క పాటే బాగుంటాది,
తక్కినవన్నీ దాని తమ్ముళ్ళు.
ఐనా ఆ ఒక్కటీ,
వల ఖాళీగా వచ్చిన పొద్దున
ఎవడూ ఎవడి మొహమూ చూడకుండా తాడు చుట్టే పాట,
మంచు దిగేక వినాలి,
వంశధార వంతెన మీద లైట్లు
ఎక్కణ్ణుంచో ఒక్కొక్కటే పుట్టుకొస్తుంటే.

పాలకొండ నీలవేణిది వేరే తంతు.
గచ్చుగదిలో పాడతాది, స్నానాలగది అనుకుంటాను,
బకెట్లో నీటిబొట్టు పడుతుంటాది వెనకాల,
తాళం తప్పదు ఆ బొట్టు.
జడ బరువు గురించి మొదలెట్టి
మాట మధ్యలో ఆపేస్తాది.
మొదట్లో ఫోను చెడిందనుకున్నాను.
కాదు, దాని ధైర్యం అక్కడి దాకే వచ్చింది.

నా ప్రాణం మాత్రం రాజాం వాడి మీద.
టంకాల లోకనాథం.
గొంతు గొప్పదేం కాదు,
పైకి వెళ్ళేసరికి రాయికి తగిలిన గునపంలా ఆగుతాది.
గిటారులో మూడు తీగలే మాట వింటాయి.
పాట పేరు గోనె.
గోనెసంచి మీద పడుకున్న పిల్లడి వీపున
తెల్లారేసరికి అచ్చుపడ్డ గళ్ళు.
అంతే పాటంతా. ఆ గళ్ళు లెక్కపెట్టడం.

రెండు నిమిషాల పదకొండో సెకను దగ్గర
వెనకాల ఎవరో దగ్గుతారు.
రెండు చిన్నవి, ఒక పెద్దది.
పాట ఆగదు.

ఆ దగ్గు నాకు తెలుసు.
నెల్లిమర్ల మిల్లులో పంతొమ్మిదేళ్ళు
నార దుమ్ము మింగి
మా నాన్న ఇంటికి తెచ్చుకున్న బోనస్ అది.
ఆయన పోయేక ఆ చప్పుడు ఇంట్లో ఎక్కడా లేదు.
చొక్కా ఉంది, టిఫిను గిన్నె ఉంది,
ఫొటో దగ్గదు కదా.

పోయిన్నెల అదే పాట మళ్ళీ వచ్చింది,
స్టూడియోలో చేసేరంట.
వయొలిన్లు పెట్టేరు,
గొంతుని కొబ్బరిచిప్పలా నున్నగా గీసేరు.
పదకొండో సెకను వస్తోందని ఊపిరి బిగబట్టేను.
వయొలిను.
ఆ రాత్రి ముగ్గురికి చిల్లర తప్పిచ్చేను.

నిన్న మూడింటికి ఒక తెల్ల వేను.
వెనక సీట్లో గిటారు పెట్టె,
దాని మీద తల వాల్చి ఎవరో నిద్ర.
ఫాస్టాగ్ పలకట్లేదు.
డ్రైవరు పక్కనున్నాయన వంగి
"డబుల్ కట్టాలేటండి?" అన్నాడు.
ఆ ఏటండిలో గునపం రాయికి తగిలింది.

ఎడమచెవిలో మనిషి
కుడిచెవిలోకి వచ్చేసేడు.

మూడేళ్ళుగా దాచుకున్న మాటలున్నాయి.
నోట్లోంచి వచ్చింది ఇదీ:
"ఆ దగ్గు ఎవరిదండీ?"
"ఏ దగ్గు?"
"గోనెలో. పాతదాంట్లో. రెండో చరణం అయ్యేక."
బుర్ర గోక్కున్నాడు,
నిజంగానే గుర్తు తెచ్చుకోబోయేడు పాపం.
"దగ్గుందా అందులో?"

వెనక ట్రాలీ హారను.
రసీదు చింపి ఇచ్చేను. గేటు లేచింది.
నరసన్నపేట వైపు ఎర్రలైట్లు
కనబడినంతసేపు చూసేను.

తరవాత పాతదే పెట్టేను.
రెండు నిమిషాల తొమ్మిది.
పది.
సిమెంటు లారీ ఒకటి గేటు దాకా వచ్చేసింది.
చెయ్యెత్తి
ఆగమన్నాను.